అత్తయ్య ఇచ్చిన రాయి

అత్తగారి కిడ్నీలోంచి తీసిన రాయిని చూడకుండా ఆ ఇంటి మెట్లు దిగి వెళ్ళినవాళ్ళు లేరు. పాలవాడు చూశాడు, గ్యాసు బండ మోసుకొచ్చినవాడు చూశాడు, పై వాటావాళ్ళు పిల్లాజెల్లాతో సహా దిగివచ్చి చూసిపోయారు. కందిపప్పు బద్దంత కూడా లేని ఆ ముక్కను దూది పరిచిన చిన్న మందు సీసాలో దాచుకుని, "ఇదిగో, నన్ను ఇన్నాళ్ళు ఏడిపించింది ఈ మహానుభావుడే" అని మూత తీసి మరీ చూపించేవారు ఆవిడ. ఆపరేషన్ అయ్యి నెల దాటినా మంచం మీంచి సరిగా లేవలేని మనిషి, సీసా చేతిలోకి వచ్చిందంటే మాత్రం దిండుకి ఆనుకుని కూర్చునేవారు.

అందరూ చూసిన ఆ రాయిని ఒక్క కోడలే సరిగా చూడలేదు. విచిత్రం ఏమిటంటే, రాళ్ళు చూడడమే ఆమెకు ఉద్యోగం. వంతెనలకీ మేడలకీ వాడే కంకరను పరీక్షించే ల్యాబులో, పోలరైజింగ్ మైక్రోస్కోపు ముందు కూర్చుని ఏ రాయిలో ఏ ఖనిజం ఉందో తేల్చి చెబుతుంది. అన్నంలో రాయి తగిలితే అందరిలా ఉమ్మేసి ఊరుకోకుండా, కడిగి కాగితంలో పొట్లం కట్టి మర్నాడు ల్యాబుకి పట్టుకుపోయే రకం. అందుకే అత్తగారు ఆమెకి 'రాళ్ళ డాక్టరు' అని పేరు పెట్టారు. సాయంత్రం ఇంటికి రాగానే, "ఏం డాక్టరుగారూ, ఇవాళ ఏ రాయికి జబ్బు చేసింది?" అని అడగడం ఆవిడకు అలవాటు. కోడలు కూడా చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది. వినే ఓపిక ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరికే ఉండేది మరి.

రాయిని ల్యాబుకి తీసుకెళ్తానని కోడలు మొదట్లోనే అంది. భర్త వద్దన్నాడు. "ఆస్పత్రివాళ్ళు అన్నీ చూసే పంపించారు కదా. మళ్ళీ దాన్ని చిదిపి నువ్వేం చేస్తావు? అమ్మ దాన్ని చూసుకుని మురిసిపోతోంది, ఉండనీ" అన్నాడు. అదీ నిజమేలే అనుకుని ఊరుకుంది.

కానీ అత్తగారు కోలుకోవడం లేదు. రవికలు వదులైపోయాయి, ముంజేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిందంటున్నారు. కోడలికి గుబులు పట్టుకుంది. రెండో వైపు ఇంకో రాయి తయారవుతోందేమోనని ఆమె భయం. మొదటి రాయి ఏ జాతిదో తెలిస్తే ఏం తినాలో ఏం మానాలో తెలుస్తుంది. ఆక్సలేటు అయితే ఒక పథ్యం, యూరిక్ ఆమ్లం అయితే ఇంకో పథ్యం. అంత చిన్న సంగతి తన చేతిలో ఉండి కూడా చూడకుండా కూర్చుంటే, రేపు ఆవిడ మళ్ళీ నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఏ మొహం పెట్టుకుని పక్కన నిలబడాలి?

ఇలా మథనపడుతుండగానే ఒకరోజు పొద్దున్నే అత్తగారే ఆమెను పిలిచి, చేతిలో సీసా పెట్టారు.

"వాడికి చెప్పకు. తీసుకెళ్ళి చూడు. ఏ రాయో సాయంత్రానికల్లా నాకు చెప్పాలి."

"చూడాలంటే చిదపాలి అత్తయ్యా. మిగలదు."

"చిదుపు. దాచుకుని దండలో గుచ్చుకుంటానా ఏమన్నానా."

కోడలికి ప్రాణం లేచి వచ్చింది. సీసాను చేతిరుమాలులో చుట్టి సంచీలో అడుగున పెట్టుకుంది.

ల్యాబులో ఆమె గది చిన్నది. కిటికీకి నల్ల తెర, బల్ల మీద మైక్రోస్కోపు, పక్కన నూనె సీసాలు వరసగా ఉంటాయి. గోడ అవతల రాళ్ళు కోసే రంపం పొద్దస్తమానం కీచుమంటూనే ఉంటుంది. ఆ ల్యాబు పెద్దాయనకు ఒక పట్టింపు ఉంది. అక్కడ ఎవరూ ఖనిజం పేరు ముందు చెప్పకూడదు. రంగు చెప్పాలి, నూనెలో అంచు ఎంత తేలి కనిపిస్తోందో చెప్పాలి, రాయి పలుకుల్ని పెట్టే గుండ్రటి స్టేజీని తిప్పితే ఏ కోణంలో చీకటవుతుందో చెప్పాలి, పేరు అన్నిటికన్నా చివర చెప్పాలి. ముందే పేరు అనుకున్నవాడికి కన్ను ఆ పేరునే చూపిస్తుందని ఆయన వాదన. కొత్తగా చేరినవాళ్ళు ఆత్రం కొద్దీ ముందే పేరు అనేసి ఆయన చేత చీవాట్లు తినడం ఆ ల్యాబులో మామూలే.

ఆ రోజు కోడలు ఆ నియమాన్ని గాలికి వదిలేసింది. కిడ్నీలోంచి వచ్చిన రాయికి పేరు ముందే తెలుసు కదా. పైన గోధుమరంగు పొర, గరుకు ఒళ్ళు చూడగానే ఆక్సలేటే అయ్యుంటుందని తేల్చేసుకుంది. చిన్న అగేటు రాతి కల్వంలో వేసి నొక్కితే ఒక పట్టాన చితకలేదు, సగమే పొడైంది. ఇంత గట్టి రాయిని కడుపులో పెట్టుకుని అత్తయ్య ఎలా భరించారో అనుకుంటే ఆమె కళ్ళు చెమర్చాయి. పొడిని గాజు పలక మీద చల్లి, నూనె చుక్క వేసి, పైన పలుచటి గాజు మూసి, అద్దానికి కన్ను ఆనించింది.

ఆక్సలేటు పలుకులు స్టేజీ తిప్పుతుంటే దోబూచులాడతాయి. ఒక వైపు అంచు నల్లగా తేలుతుంది, ఇంకో వైపు తిరగ్గానే నూనెలో కలిసిపోతుంది. ఆమె దాని కోసం చూసింది. స్టేజీ తిప్పింది. దోబూచి లేదు. పలుకులు పగిలిన గాజులా ఉన్నాయి, అంచులు కనపడీ కనపడనట్టున్నాయి. వెలుగును వడగట్టే రెండో పోలరైజరు అడ్డం పెట్టింది. ముత్యంలా తెల్లటి మెరుపు రావాలి. బదులుగా బూడిదరంగు వచ్చింది, కాస్త తిప్పితే చీకటైంది, ఇంకాస్త తిప్పితే మళ్ళీ అదే బూడిదరంగుతో వెలిగింది. పక్క పలుకుకి జరిగింది. దాని ఒంటి నిండా నిలువూ అడ్డం చారలు, గళ్ళ తువ్వాలులా ఉంది. మూడో చోట గోధుమరంగు రేకు ఒకటి పడుకుని ఉంది. అడ్డం పెట్టిన పోలరైజరు తీసేసి తిప్పితే లేత గోధుమ నుంచి ముదురు గోధుమకు మారింది.

ఆమె చెయ్యి స్టేజీ మీదే ఉండిపోయింది. క్వార్ట్జ్, మైక్రోక్లిన్ ఫెల్స్పార్, నల్ల అభ్రకం. ఈ మూడూ కలిసి ఎక్కడుంటాయో ఆమెను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి రోజూ చూస్తున్న రాయి అది. అత్తగారి కిడ్నీలోంచి గ్రానైటు వచ్చింది.

ఇంకెవరైనా అయితే అక్కడే కెవ్వుమనేవారు. ఈమె మాత్రం ముందు తనను తానే తిట్టుకుంది. గ్రానైటు దుమ్ము ఆ గదిలో ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, కల్వంలో నిన్నటి పొడి మిగిలిపోయి ఉంటుంది, బుద్ధి లేకుండా కడగకుండానే వాడాను అనుకుంది. కల్వాన్ని ఆమ్లంతో కడిగింది. కొత్త పలక తీసింది, నూనె సీసా కొత్తది విప్పింది. రాయిలో మిగిలిన సగాన్ని విరిచి, లోపలి నుంచి ఒక నలుసు తీసి పెట్టింది. మళ్ళీ అదే బూడిదరంగు, అవే గళ్ళు, అదే గోధుమ రేకు.

పెద్దాయనను పిలిచింది. ఆయన కూర్చుని, తీరిగ్గా స్టేజీ తిప్పుతూ, రంగూ అంచూ చీకటీ అన్నీ వరసగా చదువుతున్నట్టు చెప్పి, చివర పేరు చెప్పారు.

"గ్రానైటు. సన్న పలుకు. ఏ క్వారీదమ్మా ఇది?"

"మా అత్తగారిదండీ."

ఆయన కళ్ళు అద్దం మీంచి తీసి ఆమె వైపు చూశారు. విషయం అంతా విన్నాక కళ్ళజోడు తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "మనిషి ఒంట్లో అభ్రకం పుట్టదమ్మా. ఎవరో మీకు రోడ్డు మీద కంకర అంటగట్టారు" అన్నారు.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆస్పత్రివాళ్ళు ఎంతకు తెగించారు? రాయే లేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, కడుపు కోసి, కుట్టి, చేతిలో కంకర పెట్టి పంపించారన్నమాట. అందుకే ఆవిడ కోలుకోవడం లేదు. ఇవాళ ఆ ఆస్పత్రికి వెళ్ళి నలుగురిలో కడిగేయకపోతే తన పేరు రాళ్ళ డాక్టరే కాదు అనుకుంది. కానీ ఆస్పత్రిలో చేర్పించింది భర్త. ముందు అతన్ని వెంటబెట్టుకు వెళ్ళాలి. సెలవు చెప్పి, స్లైడును పెట్టెలో పెట్టుకుని బయల్దేరింది.

భర్త లిఫ్టు మెకానిక్కు. ఆ రోజు ఊరి నడుమ ఒక ఆఫీసు మేడలో పని. లిఫ్టు ఆపేశారు కాబట్టి ఆమె మెట్లన్నీ ఎక్కి, రొప్పుకుంటూ పై కప్పు మీది మోటారు గదికి చేరింది. అతను గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తిరిగి చూశాడు. ఆమె ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పింది. గ్రానైటు అంది, మోసం అంది, పోలీసులు అంది, రేపు పేపర్లో వేయిస్తానంది.

అతను కోప్పడతాడనుకుంది. అతను అడిగింది ఒక్కటే. "రాయి నీకెవరిచ్చారు?"

"అత్తయ్యే ఇచ్చారు. మీకు చెప్పొద్దన్నారు. అది కాదండీ ఇప్పుడు ముఖ్యం..."

అతను పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. గ్రీజు గుడ్డతో మొహం తుడుచుకున్నాడు, చెంప మీద నల్లటి చార పడింది, అతనికి తెలియలేదు.

"రాయి లేదు" అన్నాడు. "వాళ్ళు తెరిచి చూశారు. రాయి కాదది. కిడ్నీ నిండా పాకిపోయింది, లివరు దాకా వెళ్ళింది. ముట్టుకోవడానికి లేదని మళ్ళీ కుట్టేశారు. నన్ను పక్కకి పిలిచి చెప్పారు."

కోడలికి మోటారు గది గోడలు ఒక్కసారి తన మీదికి వచ్చినట్టయింది. చేతికి దొరికిన ఇనప చువ్వ పట్టుకుంది. నెల రోజుల నుంచి ఈ మనిషి పక్కనే పడుకుంటోంది, అన్నం వడ్డిస్తోంది, అతను నవ్వితే నవ్వుతోంది. రాళ్ళలోపల ఏముందో చెప్పే తనకు మొగుడి మొహంలో ఏముందో కనపడలేదు.

"మత్తు దిగగానే ఏం తీశారురా అని అడిగింది" అన్నాడతను. "రాయి అమ్మా అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. ఏదీ చూపించు అంది. ఏం చెయ్యను? ఆ ఆస్పత్రి లిఫ్టు చూసేది నేనే కదా, థియేటరు అటెండరు తెలిసినవాడు. ఎవరిదో రాయి ఒకటి సీసాలో వేసిచ్చాడు. నువ్వు చూస్తే ఇంకోటేదో పట్టేస్తావేమోనని నీకివ్వొద్దన్నాను. కానీ అది నిజం రాయే. కంకర ఎలా అవుతుంది?"

"మీ అటెండరు మిమ్మల్ని కూడా మోసం చేశాడు" అంది ఆమె. అప్పుడు ఆ సంగతి ఆలోచించే స్థితిలో ఇద్దరూ లేరు.

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మకి చెప్పకు. ఏదో ఒక రాయి పేరు చెప్పు. నా మాట నమ్ముతోందో లేదో నాకు తెలీడం లేదు. నువ్వు చెబితే నమ్ముతుంది."

"నాకు అబద్ధం చెప్పడం రాదండీ."

"నాకు మాత్రం వచ్చా?" అన్నాడు. ఆమె తల ఊపింది. కొంగుతో అతని చెంప మీది గ్రీజు తుడిచింది. కింద ఎవరో లిఫ్టు ఎప్పుడు నడుస్తుందని అరుస్తున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. భర్త ఆమెతోనే వచ్చి ముందు గదిలో ఆగిపోయాడు. అత్తగారు కిటికీ పక్క మంచం మీద, దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గొంతులు వింటూ గడిపిన మనిషి ఆవిడ. ఫోను మోగితే అవతలివాళ్ళు హలో అనగానే ఏడ్చి వచ్చారో తిని వచ్చారో చెప్పేయగలరు. అలాంటి మనిషి ముందు ఎలా నెగ్గుకురావాలో తెలియక, దారి పొడుగునా కోడలు మాటలు కూర్చుకుంటూ వచ్చింది.

"ఏం డాక్టరుగారూ, ఏమంది నా రాయి?"

"ఆక్సలేటు అత్తయ్యా. కాల్షియం ఆక్సలేటు" అంది. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. స్టేజీ తిప్పుతుంటే అంచు ఎలా నల్లగా తేలిందో, ఎలా మాయమైందో చెప్పింది. పోలరైజరు అడ్డం పెట్టగానే ముత్యంలా మెరిసిందని చెప్పింది. ఇంత అందమైన రాయి తను ఇంతవరకు చూడలేదంది. తను చూడనిది చూసినట్టు చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆమెకే తెలియదు. చెబుతూ చెబుతూ తన గొంతు విని తనే భయపడింది.

అత్తగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అయితే ఇక భయం లేదంటావు."

"నీళ్ళు బాగా తాగాలంతే. మళ్ళీ రాదు."

"నువ్వే చూశావా?"

"నేనే చూశాను అత్తయ్యా."

"నీ కళ్ళతో."

"నా కళ్ళతో."

అత్తగారు కళ్ళు తెరిచారు. దిండు కిందికి చెయ్యి పోనిచ్చి, మడత పెట్టిన కాగితం ఒకటి తీసి, విప్పి, పక్క మీద పెట్టారు. అందులో కందిపప్పు బద్దంత కూడా లేని గోధుమరంగు రాయి ఉంది.

"వాడు ఆస్పత్రి నుంచి తెచ్చింది ఇది" అన్నారు. "నీకిచ్చింది మన మెట్ల పక్కన పోసిన కంకరలోది. మీరిద్దరూ ఇంట్లో లేనప్పుడు గోడ పట్టుకుని వెళ్ళి నేనే ఏరాను. రంగు రావాలని టీలో నానబెట్టాను."

కోడలు ఆ రాయిని చూసింది, ఆవిడని చూసింది. పై ప్రాణాలు పైనే పోయినట్టయింది. పొరపాటు పడ్డాను, స్లైడు మారిపోయింది అనాలని ఒక్క క్షణం అనుకుంది. ముత్యంలా మెరిసిందని చెప్పిన నోటితో అది ఎలా అంటుంది? ఇంత చక్కగా, ఇంత వివరంగా, ఇంత ప్రేమగా చెప్పిన అబద్ధానికి సాక్ష్యం ఆమె ఎదురుగా పక్క మీద కాగితంలో కూర్చుని ఉంది.

"వాడి గొంతు ఆస్పత్రిలోనే మారింది" అన్నారు అత్తగారు. ఆవిడ మాటల్లో కోపం లేదు. "కానీ వాడు చిన్నప్పట్నుంచీ అంతే. నాకు జ్వరం వస్తే వాడే భయపడి ఏడ్చేవాడు. నా నొప్పికి కంగారుపడి గొంతు మారిందేమో అని సరిపెట్టుకోవచ్చు. అందుకని నిన్ను పంపించాను. సాయంత్రం వచ్చి, 'అత్తయ్యా, మీకు మతి గానీ పోయిందా, కంకర ఇచ్చి నా పని పాడుచేశారు' అని తిడతావనుకున్నాను. ఆ తిట్టు కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నానమ్మాయ్. నువ్వు తిడితే అంతా బాగున్నట్టే."

కోడలు మంచం అంచున కూలబడిపోయింది. దుఃఖం తన్నుకొచ్చి భుజాలు కదిలిపోయాయి. తను కంకర అని చెప్పేస్తే సరిపోయేది. ఉన్నది ఉన్నట్టు, రోజూ చెప్పినట్టే చెప్పి ఉంటే, ఈవిడ నవ్వుకుని దిండు సర్దుకుని పడుకునేవారు. అత్తగారిని కాపాడడానికి చెప్పిన మాటే ఆవిడకు అంతా చెప్పేసింది.

"నువ్వు రాయి విషయంలో అబద్ధం చెప్పావంటే ఇక నాకు తెలియాల్సిందేముంది" అన్నారు ఆవిడ. అంటూ కోడలి వీపు మీద చెయ్యి వేసి నిమిరారు. ఎవరు ఎవర్ని ఓదార్చాలో ఆ గదిలో తారుమారైపోయింది. కాసేపటికి అడిగారు. "రాయి కాకపోతే ఏమిటిట?"

కోడలు చెప్పింది. మోటారు గదిలో విన్నది విన్నట్టు, ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పింది. అత్తగారి చెయ్యి ఆమె వీపు మీద ఆగింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆవిడ మొహం రక్తం లేనట్టు పాలిపోయింది. తెలుసుకుని తీరాలనుకున్న మనిషి కూడా తెలిశాక అంతగా అదిరిపోతుందని కోడలు ఊహించలేదు.

"ఎన్నాళ్ళన్నారు?" చివరికి అడిగారు.

"నాకు తెలీదు అత్తయ్యా. నేను అడగలేదు."

అత్తగారు ఆమె మొహంలోకి చూశారు. మాట విన్నారు, గొంతు విన్నారు. ఇది నిజమేనని తల ఊపారు.

"వాడు ముందు గదిలోనే ఉన్నాడుగా. పిలువు. ఒక్కడే మోసుకు తిరుగుతున్నాడు, పిచ్చి వెధవ."

కోడలు లేచింది. కర్టెన్ పక్కకి తీసేసరికి భర్త ముందు గది చివర, వీధి గుమ్మం పక్క గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు అంత దూరానికి వినపడలేదు. నమ్మిందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. అతని కళ్ళలో ఇంకా ఆశ ఉంది.

"అత్తయ్య పిలుస్తున్నారండీ" అంది.

వెనక మంచం కిర్రుమంది. కొడుకు కూర్చోవడానికి చోటు చేస్తూ ఆవిడ గోడవైపు జరుగుతున్నారు.